ముత్యాల చెవుల మంద

అనగా అనగా, పశువు మెడకు పలుపు, ముక్కుకు తాడు ఇంకా పుట్టని కాలం. కొండవాగు ఒడ్డున ఒక పెద్ద మంద ఉండేది. దానికి కాపరి లేడు, కంచె లేదు. మూపురాయుడు అనే ముసలి ఆబోతు దానికి రాజు.

ఆ మందకు ఒక వింత ఆచారం ఉండేది. ఎవరి చెవుల్లో ముత్యాలు ఎక్కువుంటే వారు గొప్పవారు. వాగుకు దిగేటప్పుడు ముత్యాల చెవులవాళ్లు ముందు నడిచి తేటనీళ్లు తాగేవారు. బోడి చెవులవాళ్లు వెనక నడిచి బురదనీళ్లు తాగేవారు.

అవి సముద్రంలో పుట్టిన ముత్యాలు కావు, పిల్లలూ. అవి పిడుదులు, పశువుల ఒంటిని పట్టుకునే పురుగులు. గడ్డిలోంచి నువ్వుగింజంత వచ్చి చెవి మడతలో చేరేవి. కొన్నాళ్లకు ఆముదపు గింజంత ఉబ్బి, నున్నగా, బూడిదరంగులో ఎండకు మెరిసేవి. ఏనాడో ఒక రాజు వాటిని చూసి మురిసి, ముత్యాలన్నాడు. రాజు అన్నాక కాదనేదెవరు? తాత తలూపాడు. తండ్రి తలూపాడు. మనవడి నాటికి అది ధర్మమైపోయింది.

దూడ గడ్డి కొరకడం నేర్వగానే దాన్ని పిడుదులు నిండిన ముత్యాల పచ్చికలో పడుకోబెట్టేవారు. తొలి ముత్యం ఎక్కితే తల్లికి అదే పండుగ.

ఆ మందలో పుల్లి అనే పెయ్య ఉండేది. దాని తల్లి బొల్లావు. ఆ ఏడు పుట్టిన తమ్ముడు జాజి. పుల్లికి కొమ్ములు మొలవకముందే కోపం మొలిచింది. ఎవరు కేక వేసినా ముందు అందుకునేది పుల్లే.

రాయుడి కుడిచెవిలో అన్నిటికన్నా పెద్ద పిడుదు కాపురముండేది. చెవిలోనే ఉంది కనుక అది చెప్పిందే రాజుకు వినబడేది.

"చుక్క నెత్తురే కదా ప్రభూ! మీ ఒంట్లో సముద్రమే ఉంది. చుక్క ఇస్తే సముద్రం తరుగుతుందా?" అనేది అది.

రాయుడు తలూపేవాడు. మందలో చెవికొక చుక్క, పూటకొక చుక్క పోతూనే ఉంది. మేసేవాళ్లు చిక్కిపోయారు. మేయనివాళ్లు ఉబ్బిపోయారు.

ఆ రోజుల్లో గోరింకలు పశువుల వీపుల మీద వాలి, చెవులు, గంగడోళ్లు వెతికి పిడుదుల్ని పొడిచి తినేవి. ఒకనాడు ఒక ముసలి గోరింక ఉబ్బిన పిడుదును పొడిచింది. అది చిట్లింది. గోరింక ముక్కు ఎర్రబడింది.

"అదిగో!" అని అరిచింది పెద్ద పిడుదు. "నెత్తురు ఎవరి ముక్కున ఉందో చూడండి! మా నోట ఒక్క మరకైనా ఉందా?"

దాని నోరు రాయుడి చెవి తోలులో దిగబడి ఉంది. మరక ఎవరికి కనబడుతుంది?

"నెత్తుటి ముక్కులు పోవాలి!" అని పుల్లి అరిచింది. మంద అంతా అందుకుంది. తోకలు కొరడాలయ్యాయి. గోరింకలు వాగు దాటి బండల మీదికి వెళ్లిపోయాయి.

వానలు వెలిశాక జ్వరం వచ్చింది. ఒళ్లు కాలిపోయేది. మూత్రం ఎర్రగా పడేది. నిన్న గంతులేసిన గిత్త నేడు లేవలేకపోయేది.

రాయుడు చెవిలో మాట విని మూడు ఆజ్ఞలు చేశాడు.

మొదట, "నీళ్లు చెడ్డాయి, ఎగువ మడుగుకు పదండి" అన్నాడు. వెళ్లారు. జ్వరమూ వెంట వెళ్లింది.

తరువాత, "ఇది గోరింకల శాపం, గూళ్లు పడగొట్టండి" అన్నాడు. ఒడ్డున మిగిలిన గూళ్లన్నీ కొమ్ములతో పడగొట్టారు. గూళ్లు పోయాయి, జ్వరం పోలేదు.

చివరకు, "జబ్బువాళ్లకు ముత్యాలు తక్కువయ్యాయి. వారిని ముత్యాల పచ్చికలో పడుకోబెట్టండి" అన్నాడు.

అప్పటికి బొల్లావు ఒళ్లు కాలుతోంది. పుల్లి తన భుజం ఆనించి, తల్లిని నడిపించి, తానే ఆ పచ్చికలో పడుకోబెట్టింది. రోజూ లేత గడ్డి తెచ్చి మూతి దగ్గర పెట్టేది. బొల్లావు వాసన చూసి వదిలేసేది. దాని చెవులు మాత్రం నిండుగా మెరిసేవి.

"నీకెన్ని ముత్యాలొచ్చాయో చూడమ్మా!" అనేది పుల్లి.

"బరువుగా ఉన్నాయే," అనేది తల్లి.

ఒక ఉదయం బొల్లావు లేవలేదు. పుల్లి తల్లి నుదురు నాకుతూ కూర్చుంది. ఎండ పైకొచ్చేసరికి తల్లి చెవిలో ఏదో కదిలింది. ఒక ముత్యం తల పెకలించుకుంది. కాళ్లు చాపింది. మెల్లగా దిగి గడ్డిలోకి నడిచింది. దాని వెనక ఇంకొకటి. ఆ వెనక బారులు బారులు. అమ్మ చల్లబడింది. నగలు వెళ్లిపోతున్నాయి!

పుల్లి ఒకదాని మీద గిట్ట వేసింది. అది చిట్లి గడ్డి ఎర్రబడింది. పుల్లి వంగి వాసన చూసింది. పుట్టిన క్షణం నుంచి తెలిసిన వాసన. అమ్మ వాసన.

పుల్లి వాగు దాటి బండల దగ్గరికి పరుగెత్తింది. ముసలి గోరింక మెడ తిప్పి చూసింది.

"ఏమ్మా, నెత్తుటి ముక్కులు పోవాలని గొంతు చించుకున్నది నువ్వే కదూ?"

"నేనే అవ్వా. తరువాత ఎంతైనా తిట్టు. మా అమ్మను ఏం చంపిందో చెప్పు."

గోరింక కోపం దిగమింగింది. "పిడుదు కరిస్తే మీకు తెలియదు. అది తాగుతూనే ఉమ్మి వదులుతుంది. ఆ ఉమ్మికి తోలు మొద్దుబారుతుంది. జ్వరం ఉన్న నెత్తురు తాగితే ఆ జ్వరం దాని కడుపులో చేరుతుంది. నేల మీద వేలకొద్దీ గుడ్లు పెడుతుంది. ఆ గుడ్లకూ జ్వరం అంటుతుంది. పిల్లలు గడ్డికొసలెక్కి, కాళ్లు చాపి, ఎవరొస్తారా అని కాచుకుంటాయి. ఎక్కగానే నెత్తురు తీసుకుని, ఉమ్మితో జ్వరం ఇచ్చిపోతాయి."

"జబ్బువాళ్లందర్నీ ఆ గడ్డిలోనే పడుకోబెట్టాం, అవ్వా! రేపు మా జాజిని అక్కడికే తీసుకెళ్తున్నారు!"

మర్నాడు మంద అంతా పచ్చిక అంచున చేరింది. జాజికి నుదుట పసుపుపువ్వుల తీగ చుట్టారు. దూడ ఒక కాలు ముందుకు వేసింది. పుల్లి అడ్డంగా నిలబడింది. దాని వీపు మీద గోరింక ఉంది.

"ఒసే పుల్లీ, తల్లి పోయి నీకు మతి పోయిందా? తప్పుకో!" అంది ఒక ముసలావు. "తమ్ముడు బోడిచెవులతో బతకాలా?"

"బతకాలి పెద్దమ్మా. బతకడమే కావాలి." పుల్లి రాయుడి వైపు తిరిగింది. "తాతా, నన్ను పొడిస్తే పొడువు. ముందు నీ ముత్యాన్ని ఒక్కసారి దిగి ఈ బండ మీద కూర్చోమను. నగైతే దిగినా నగే కదా!"

రాయుడు నవ్వాడు. "ఇంతేనా? దిగు ముత్యమా."

"మీ అందమే నేను కదా ప్రభూ," అంది పిడుదు. "నేను లేని చెవి చెవేనా?"

"రాజు చెవి ఎలాగైనా రాజు చెవే. దిగు."

"ఇన్నేళ్ల ప్రేమ ప్రభూ! విడవలేకున్నాను."

రాయుడి నవ్వు ఆగిపోయింది. "దిగు!"

పిడుదు గొంతు మారింది. "లాగి చూడు! నా తల నీలోనే విరిగి ఉండిపోతుంది. నీ చెవి కుళ్లిపోతుంది!"

మంద అంతా ఒక అడుగు వెనక్కి వేసింది.

"విన్నావా తాతా?" అంది పుల్లి. "నగ ఎక్కడైనా బెదిరిస్తుందా?"

రాయుడు మెడ వంచి, కుడిచెవి గోరింక ముందు పెట్టాడు. గోరింక ఒక్క పోటు పొడిచింది. పిడుదు చిట్లింది. నెత్తురు రాయుడి చెంప మీదుగా మూతి దాకా కారింది. ముసలి ఆబోతు నాలుకతో దాన్ని నాకాడు. ఏ జంతువుకైనా తన నెత్తురు తనకు తెలుస్తుంది.

"ఇది నాదే," అన్నాడు. "ఇన్నాళ్లూ చెవిలో మాట్లాడింది నా నెత్తురు తాగిన నోరు. బొల్లావును పచ్చికకు పంపింది నా నోరు."

ఆనాడే మంద ఆ పచ్చికను విడిచి కొండ అవతలికి కదిలింది. గోరింకలు వీపుల మీద బారులు తీరి, చెవుల్లోని పిడుదుల్ని ఏరి తిన్నాయి. ఎవరి తోకా కొరడా కాలేదు. వాగు దగ్గర ముందువరస, వెనకవరస పోయాయి. అందరూ పక్కపక్కన నిలబడి తేటనీళ్లు తాగారు.

రాయుడు మాత్రం కొండ ఎక్కలేకపోయాడు. జ్వరం అప్పటికే అతని ఒంట్లో ఉంది. బోడి చెవులతో, మంద వెళ్లిన దారికేసి చూస్తూ వాగు ఒడ్డున ఒరిగిపోయాడు. పుల్లి వెనక్కి వచ్చి, అతని కళ్లు మూతపడేదాకా నుదురు నాకింది.

ఖాళీ పచ్చికలో పిడుదుల పిల్లలు గడ్డికొసలెక్కి, కాళ్లు చాపి ఎదురుచూశాయి. ఎవరూ రాలేదు. ఎండలు ముదిరాయి. అవి చాపిన కాళ్లతోనే ఎండి తవుడైపోయాయి.

కొండ అవతల జాజి పెరిగి పెద్ద కోడె అయ్యాడు. వాడి చెవుల్లో ఒక్క ముత్యమూ లేదు. గాలి వీస్తే అవి తేలిగ్గా ఆడేవి.

అందుకే పిల్లలూ, నెత్తుటి మరక ఎవరి ముక్కున ఉందో చూసి తీర్పు చెప్పకండి. నెత్తురు ఎవరి కడుపులో ఉందో చూసి చెప్పండి.