కుంకుమ కొంగ రెండో కాలు

తాళ్లమడుగు ఎంత పెద్దదంటే, ఈ గట్టున తుమ్మితే ఆ గట్టున మర్నాటికి గానీ వినబడదు. ఏటా వానలు తెరిపివ్వగానే మంచుదేశాల కొంగలు అక్కడి తుమ్మచెట్ల మీదికి పురిటికి దిగేవి. పుట్టింటికొచ్చిన ఆడపడుచుల్లా చూసేవాళ్లే తప్ప ఎవరూ ఏమీ అడిగేవాళ్లు కాదు. నక్క శేషావతారం పర్మిట్ ఆఫీసరయ్యేదాకా.

ఆ పదవి తనే అడిగాడు, తనే ఇచ్చుకున్నాడు. మడుగుపెద్ద మంగతాయారు గేదె అప్పుడు నెమరేస్తూ తలాడించింది. అదే ఆమోదమన్నాడు.

ఆ ఏడు కుంకుమ అనే కొంగ ఏడు సముద్రాలు, ఎనిమిది తుఫాన్లు దాటి వచ్చి వాలింది. అలసటకి ఒక కాలు పొట్టలోకి ముడుచుకుందో లేదో, శేషావతారం తామరాకుల రిజిస్టరుతో ప్రత్యక్షమయ్యాడు.

"వచ్చిన పని?"

"పురుడండీ."

"కాళ్లెన్ని?"

"ఒకటి కనబడుతోంది కదండీ, రెండోది లోపల..."

"కనబడిందే రాస్తాను. ఊహించి రాయడానికి ఇదేమన్నా జాతకమా?" అని, 'మోపిన కాలు: ఎడమది ఒక్కటి' అని రాసి, బురద పంజాతో ముద్ర కొట్టి, గడువు రూలు రాసిన ఆకొకటి చెట్టుకి అతికించి పోయాడు.

ఇక ఆ రోజు నుంచి కుంకుమ కుడికాలు నేలమీద పెడితే ఒట్టు. రికార్డులో లేని కాలు దించితే ఏం తప్పు పడుతుందోనని భయం. ఒంటికాలి మీదే పుల్లలేరింది, చేపలు పట్టింది, ముగ్గురు పిల్లల్ని కంది. ఆ ఎడమకాలు తాటిమొద్దంత లావెక్కిందని చేపలు ఇప్పటికీ చెప్పుకుంటాయి.

ఎండలు ముదిరాయి. తుమ్మచెట్ల కింద నీళ్లింకి బురద తేలింది. నక్క నడిచొచ్చేంత బురద.

"గడువు రేపటితో సరి," అన్నాడు శేషావతారం చెట్టు కింద నిలబడి. "పొడిగింపు కావాలంటే మీ దేశం పోయి, అక్కణ్ణించి అర్జీ పెట్టుకోవాలి."

"పిల్లలకింకా రెక్కలు రాలేదండీ. నేను పోతే ఆకలికి గూటి అంచుకొచ్చి కిందపడతాయి."

"వాటికేం, ఇక్కడే పుట్టాయి, పర్మిట్ అక్కర్లేదు. కిందపడితే పట్టుకోడానికి నేను లేనూ?"

ఆ మాటతో ఊరిన లాలాజలానికి ఎండిన మడుగు జానెడు పెరిగింది. గూట్లో పిల్లలు మూడూ ఒకదాని కిందకొకటి దూరాయి.

కుంకుమ ఆ సాయంత్రమంతా రూలు రాసిన ఆకునే చూస్తూ కూచుంది. తెల్లారగానే మంగతాయారు దగ్గరికి ఒంటికాలి మీద గెంతుకుంటూ పోయింది. మడుగంతా వెంటొచ్చింది.

"అత్తా, ఆ రూలు ఒకసారి చదివించు."

శేషావతారం గొంతు సవరించుకున్నాడు. "పరాయిచోటి వాళ్లెవరైనా సరే, మడుగులో కాలు పెట్టిన రోజు నుంచి ఆరునెలలు."

"నేను పెట్టిన కాలేదో కూడా చదవండి."

రిజిస్టరు తిప్పి, "ఎడమది," అన్నాడు. అన్నాక గానీ తన రాతే తనకి అడ్డొచ్చిందని తెలీలేదు.

"దాని గడువు ఇవాళ్టితో సరి. ఒప్పుకున్నాను," అని కుంకుమ ఎడమకాలు పైకి ముడుచుకుని, తెల్లగా పాలిపోయిన కుడికాలు మెల్లగా బురదలో దించింది. "ఇది ఇవాళే పెడుతున్నాను. రాసుకోండి, ఆరునెలలు."

"ఇదేం లెక్క? కాలు కాలుకీ వేరేనా?"

"రాసింది నువ్వేగా నాయనా," అంది మంగతాయారు. "ఏ కాలి లెక్క దానిదే. అది సరే గానీ, కాలవవతలి చెరుకుతోట నుంచి నువ్వొచ్చి ఎన్నాళ్లయింది?"

"మూడేళ్లు..."

"ఎన్ని కాళ్లతో?"

శేషావతారం ఒక కాలెత్తాడు. మూడు మిగిలాయి. రెండెత్తాడు, తూలాడు. నాలుగూ ఎత్తబోయి బురదలో వెల్లకిలా పడ్డాడు. మడుగు నవ్విన నవ్వుకి పక్కూళ్లో కుండలు పగిలాయి.

"నాలుగు కాళ్లకీ గడువు దాటింది," అంది మంగతాయారు, నెమరు ఆపకుండానే. "నీ చోటికి పోయి, అక్కణ్ణించి అర్జీ పెట్టుకో."

కొంగపిల్లలు రెక్కలొచ్చి ఎగిరిపోయాయి. చెరుకుతోట నుంచి శేషావతారం అర్జీలు మాత్రం వస్తూనే ఉన్నాయి. వాటిని చూడాల్సింది పర్మిట్ ఆఫీసరు. ఆ కుర్చీ ఖాళీగా ఉంది.

నీతి: తలుపు బిగించేవాడు ముందు తాను ఏ వైపు నిలబడ్డాడో చూసుకోవాలి.