అప్పలకొండ ఎడమకాలు

నూకలపాలెంలో ఉన్న తెలివంతా తమ ఇంట్లోనే ఉందని బొడ్డేటి అన్నదమ్ముల నమ్మకం.

"ఊళ్ళో ఏ లారీకి చూసినా డ్రైవరు ఒక్కడే. మనదానికి ముగ్గురు!" అనేవాడు పెద్దవాడు సింహాద్రి.

నిజమే. వాళ్ళ నాన్న పోతూ పోతూ, "ముగ్గురూ కలిసి లారీ నడుపుకోండిరా" అన్నాడు. అంతే, ఇరవై ఏళ్ళుగా కలిసే నడుపుతున్నారు. సింహాద్రి స్టీరింగు తిప్పుతాడు. "క్లచ్!" అని అరవగానే, పక్కనే ఇరుక్కున్న నడిపివాడు అప్పలకొండ ఎడమకాలితో తొక్కుతాడు. "గేరు!" అనగానే చిన్నవాడు సన్యాసి రాడ్డు లాగుతాడు.

అలాంటి ఇంటికి కొత్త లారీ ఒకటి వచ్చింది. అమ్మినాయన తాళాలిస్తూ, "దీనికి క్లచ్ లేదు, గేరు రాడ్డు లేదు. ఆటోమేటిక్. గేర్లు అదే మార్చుకుంటుంది. ఎడమకాలికి పనే లేదు" అన్నాడు.

అప్పలకొండ తన ఎడమకాలి వంక దిగులుగా చూసుకున్నాడు. ఇంట్లో పనిచేసే ఎడమకాలు తనదొక్కటే మరి! భోజనానికి కూర్చుంటే పెళ్ళాం పైడమ్మ సగం అన్నమే వడ్డించింది.

"ఇదేటే?"

"ఒక కాలే కదా పనిచేసేది. రెండోదాన్ని కూకోబెట్టి మేపుతారేటి?"

ఇంకేముంది, సగం కడుపుతోనే లేచాడు. కాలికి మళ్ళీ పని దొరికితేనే గాని కంచం నిండదు.

మర్నాడు బెల్లం వ్యాపారి సూరిశెట్టి కబురు పంపాడు. "నాలుగింటికల్లా రెండు లారీల బెల్లం టౌన్లో నా కొట్టు ముందుండాలి. ఉంటే ఏడాదంతా నా సరుకు మీకే. లేదా, నా గుమ్మం తొక్కొద్దు."

సన్యాసి వేళ్ళు మడిచాడు. "పాతదానికి ముగ్గురం కావాలి. కొత్తదానికి ఒకరు. మొత్తం నలుగురు. ఒకడు తక్కువ. నాన్న ముందే చూసుకోవలసింది."

అప్పలకొండకి మెరుపులాంటి ఆలోచన వచ్చింది. "అన్నియ్యా, పాతదాని క్లచ్చూ గేరు రాడ్డూ ఊడదీసి కొత్తదానికి బిగించేద్దాం. ముగ్గురికీ పనుంటాది."

"మరి పాతదాన్నెవరు నడుపుతారు?"

"ఇప్పుడు దానికి క్లచ్ ఉండదు. గేరు రాడ్డుండదు. మరి ఆటోమేటిక్ కాదేటి?"

సింహాద్రి తమ్ముణ్ణి కావలించుకున్నాడు. "ఓరి నీ తెలివి తగలెయ్యా!"

అంతే, ఊడదీశారు. కొత్త లారీలో నేలకి చెక్క పరిచి, క్లచ్చునీ రాడ్డునీ మేకులతో దిగ్గొట్టారు. రెండు లారీల్లోనూ బెల్లం ఎక్కించారు. మిట్ట మీదున్న పాత లారీకి కొబ్బరికాయ కొట్టి, "బంకు దగ్గర ఎడమకి తిరుగు. దారిలో టీలకి ఆగకు" అని బుద్ధులు చెప్పి, సింహాద్రి హ్యాండుబ్రేకు తీసి దిగిపోయాడు.

లారీ పల్లంలోకి పరుగెత్తి చెట్ల చాటుకి పోయింది.

"మనం నడిపితే ఏనాడైనా ఇంత జోరుగా పోయిందిరా?" అన్నాడు సింహాద్రి, కాస్త నొచ్చుకుని.

దానికి అడ్డం రాకూడదని ముగ్గురూ రెండో దారిన కొత్త లారీలో బయల్దేరారు. "క్లచ్!" అంటే అప్పలకొండ తొక్కాడు. "గేరు!" అంటే సన్యాసి లాగాడు. గేర్లు వెన్నలా పడుతున్నాయి. ఇదంతా తన కాలి చలవేనని అప్పలకొండ మురిసిపోయాడు.

మూడింటికి కొట్టు ముందు ఆగారు. సూరిశెట్టి కళ్ళద్దాలు సర్దుకున్నాడు. "రెండో లారీ ఏదిరా?"

"వస్తోంది బాబూ. ఆటోమేటిక్" అన్నాడు సింహాద్రి.

"డ్రైవరెవడు?"

"డ్రైవరేటి బాబూ! మీకు కొత్త బళ్ళ సంగతి తెలీదనుకుంటాను."

ఆయన నోరు తెరిచేలోగా సైకిలు మీద ఒకాయన రొప్పుతూ వచ్చాడు. "మీ పాత లారీ మలుపు తిరక్కుండా ఏట్లోకి దిగిపోయింది!"

అప్పలకొండ ముఖం వెలిగిపోయింది. "చెప్పానా! ఎడమకాలు లేని బండి గతి అంతే! ఇంకా గంట టైముంది, పదండి!"

చెక్కతో సహా క్లచ్చు పెరికి చంకన పెట్టుకున్నాడు. సన్యాసి రాడ్డు భుజాన వేసుకున్నాడు. కనిపించిన ఆటో ఎక్కి ఏటికి పోయి, నడుంలోతు నీళ్ళలో ముగ్గురూ లారీలో ఎవరి చోట వాళ్ళు కూర్చున్నారు.

"క్లచ్!"

అప్పలకొండ ప్రాణం పెట్టి తొక్కాడు.

"గేరు!"

సన్యాసి లాగాడు. ఏటికి ఎదురుగా నిలబడిపోయిన లారీ అద్దంలోంచి చూస్తే నీళ్ళు రెండు పక్కలా జరజరా వెనక్కి పోతున్నాయి.

"అన్నియ్యా, ఎంత స్పీడు మీదున్నామో చూడు!" అన్నాడు అప్పలకొండ. "ఈ పూట నాకు నిండు కంచమే!"

సింహాద్రి స్టీరింగు గట్టిగా పట్టుకున్నాడు. "కాలు కాస్త తేలిగ్గా వెయ్యరా. ఈ లెక్కన పోతే టౌను దాటిపోగలం."