ఓబుళమ్మ తిట్టు

చిదానందయ్య గారికి అడిగిన వెంటనే జవాబు చెప్పే అలవాటు లేదు. శిష్యుడు ప్రశ్న వేస్తే ఆయన చెప్పులు వెతుక్కునేవారు. అడిగినవాడు నోరు మూసుకుని వెంట నడవాల్సిందే.

ఆ సాయంత్రం అడిగినవాడు శేషాచలం. మాటకారి, ఊరంతా చెవి ఒగ్గి వినే మనిషి. మొన్నటి సంతలో బల్ల మీదికెక్కి, తురకలు మన పెరట్లో చేరిన పాములనీ, పాముకు పాలు పోసేవాడంత వెర్రివాడు లేడనీ, చేతగానివాళ్లు గాజులు తొడుక్కోండనీ చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాడు. చప్పట్లు కొట్టినవాళ్లే మర్నాడు కర్రలు పట్టుకుని మసీదు మీద పడ్డారు. అప్పటినుంచి అతనికి అన్నం సయించడం లేదు.

"నేనెవరి మీదా చెయ్యెత్తలేదు సామీ. ఉత్త మాటలే అన్నాను. ఆ పాపం నాకెట్ల అంటుతుంది?"

అయ్యగారు చెప్పులు వేసుకున్నారు.

మసీదు వీధిలో కాలిన దుకాణాల వాసన ఇంకా పోలేదు. పొద్దు గుంకే నమాజు ముగిసే వేళ. మెట్ల ముందు ఆడవాళ్లు చంటిపిల్లలతో నిలబడి ఉన్నారు. బిడ్డకు జ్వరమొచ్చినా, దడుచుకున్నా, నమాజు చేసి వచ్చే పెద్దల చేత మొహాన ఊదించుకోవడం ఆ ఊళ్లో అన్ని కులాలకూ తాతలనాటి ఆనవాయితీ. అందులోనూ పీరా సాహెబు ఊదితే చల్లగా ఉంటుందని పేరు. ఆ గుంపులో మనవణ్ణి భుజాన వేసుకుని శేషాచలం తల్లి ఓబుళమ్మ కూడా ఉంది. గొడవ జరిగిన నాటినుంచి ఆ పసివాడు పాలు ముట్టడం లేదు. కొడుకు సంతలో ఏం మాట్లాడాడో ఆమెకు ఎవరూ చెప్పలేదు. శేషాచలం గోడ చాటుకు తప్పుకున్నాడు.

తలుపు తెరుచుకుంది. బయటికి వచ్చిన పీరా సాహెబు మూతి కర్రదెబ్బలకు వాచిపోయి ఉంది, పెదవులకు కుట్లు. అయినా ఓబుళమ్మ భుజం మీది బిడ్డను చూసి వంగాడు, ఊదబోయాడు. కుట్టు తెగి నెత్తురు వచ్చింది. అది బిడ్డ మీద పడకుండా కండువా అడ్డం పెట్టుకుని, పో తల్లీ అన్నట్టు చెయ్యి ఊపి లోపలికి పోయాడు.

ఓబుళమ్మ ఆగలేకపోయింది. "కొట్టినోళ్లు సరే, బుద్ధిలేని నాయాళ్లు. వాళ్లను ఎగేసినోడు ఒకడుంటాడే! వాని నోరు పడిపోను! వాని ఇంట్లో దీపం ఆరిపోను!"

భుజం మీది బిడ్డ ఉలిక్కిపడి ఏడుపు అందుకున్నాడు.

గోడ చాటున శేషాచలం గురువు గారి రెండు చేతులూ పట్టుకున్నాడు.

"సామీ, నాకు వాడొక్కడే కొడుకు. మా అమ్మ తెలీక అనేసింది. ఆ మాట వానికి తగలకుండా ఏదన్నా చెయ్యండి."

అయ్యగారు ఏడుస్తున్న బిడ్డ వైపు చూశారు.

"ఎందుకప్పా అంత భయం? ముసలామె చెయ్యెత్తలేదు గదా" అన్నారు.