కేక ఎవరిది?

ఇప్పలకోన అడవిలో నేలమీద దుప్పులు, కొమ్మలమీద కొండముచ్చులు, పొదల్లో కుందేళ్లు బతికేవి. తాతల నాటి నుంచి ఆ అడవి వాటిదే. ఒక సంవత్సరం ఏటి అవతల నుంచి రేచుకుక్కలనే అడవికుక్కల గుంపు వచ్చి, అందరూ నీళ్లు తాగే మడుగు పక్కన తిష్ఠ వేసింది. "ఈ అడవి ఇక మాది. నీళ్లు కావాలంటే మీ పిల్లల్ని అప్పగించండి" అంది.

చుక్కాలు అనే ఆడదుప్పి తన తొలిచూలు పిల్లను అలాగే పోగొట్టుకుంది. ఇప్పుడు దాని వెంట రెండో పిల్ల తిరుగుతోంది. దీన్నైనా దక్కించుకోవాలని చుక్కాలు మేస్తున్నా, పడుకున్నా ఒక చెవి నిలబెట్టే ఉంచేది.

చివరికి అడవి తిరగబడింది. దుప్పుల పెద్ద ఎత్తుకొమ్మయ్య, కొండముచ్చుల పెద్ద మసిమొగం తాత కలిసి ఒక కట్టుబాటు చేశాయి. కొండముచ్చులకు చూపు ఎక్కువ. దుప్పులకు వాసన పసిగట్టే గుణం ఎక్కువ. అందుకని కొమ్మ మీద కేక వినపడినా, నేలమీద గిట్ట చప్పుడు వినపడినా అడవి అంతా ఒక్కసారే పరుగెత్తాలి. కేక ఎటు నుంచి అని చూడాలి. ఎవరిది అని అడగకూడదు.

వంతులవారీగా కాపలా కాస్తూ, కుక్కలు ఏమరినప్పుడు మడుగులో నీళ్లు తాగి వచ్చేవి. ఆ కట్టుబాటుతో కుక్కలకు కుందేలు పిల్ల కూడా దొరకలేదు. ఎండలు ముదిరేసరికి వాటి పక్కటెముకలు బయటపడ్డాయి.

ఒక పొద్దున తోకమ్మ అనే కొండముచ్చు మద్దిచెట్టు చివర నుంచి అరిచింది. "వదినా, చుక్కాలూ! కుక్కలు ఏటి ఒడ్డున తిరుగుతున్నాయే! వచ్చిన దారి వెతుక్కుంటున్నాయి!"

"నీ నోట్లో ఇప్పపువ్వు పొయ్య!" అంది చుక్కాలు.

కుక్కలు ఇంకా పోలేదు. పోబోతున్నాయి, అంతే. సరిగ్గా అప్పుడే పెద్దలకు తెగులు పట్టింది.

"కుక్కలు పోయాక అడవి అంతా ఒకే మంద. అందరికీ ఒకే దారి, ఒకే మాట" అంది ఎత్తుకొమ్మయ్య.

"ఎవరి చెట్టు వాళ్లది, ఎవరి గుట్ట వాళ్లది. ఒకరి మీద ఒకరి పెత్తనం వద్దు" అంది మసిమొగం తాత.

"కొమ్మ దిగితే నాలుగడుగులు తిన్నగా వేయలేవు. నువ్వా అడవికి దారి చెప్పేది?"

"నెత్తిన కట్టెలమోపు మోసుకు తిరిగేవాడికి బుర్రలో చోటెక్కడిది?"

ఇద్దరి ఆలోచనలోనూ కొంత న్యాయం ఉంది. కానీ దానికి అదా సమయం?

చుక్కాలు ముందుకొచ్చింది. "మామా, తాతా, కుక్కలు ఇంకా ఏటికి ఇవతలే ఉన్నాయి. వాటిని దాటనివ్వండి. ఆ తర్వాత మడుగు ఒడ్డున కూర్చుని ఎంతసేపైనా పోట్లాడుకోండి."

"పెద్దల మాటల మధ్య నీకేం పని?" అని కసిరింది ఎత్తుకొమ్మయ్య.

"పిల్ల పోతే పాలు ఎండేది నా పొదుగులో. నీ కొమ్ముల్లో కాదు!" అంది చుక్కాలు.

దాని మాట ఎవరికి కావాలి? "కొండముచ్చు కేకకు పరుగెత్తిన దుప్పిని వెలి వేస్తాం" అంది ఒక పెద్ద. "దుప్పుల కోసం గొంతు విప్పిన కొండముచ్చుకు చెట్టు లేదు" అంది ఇంకో పెద్ద. ఎంత సిగ్గుమాలిన మాటలు! కుక్కలు అన్ని పళ్లతోనూ కొరికి తెంచలేని కట్టును ఆ ఇద్దరూ ఒక్క మాటతో తెంచేశారు.

చుక్కాలు మద్దిచెట్టు కిందికి వెళ్లింది. "వదినా, కుక్కలు కనబడితే అరుస్తావా?"

"తాత నా తోక పీకేస్తాడే!"

"నీ పొట్టకు ఒక బిడ్డ కరుచుకుని ఉంది. నా వెనక ఒక బిడ్డ ఉంది. కుక్కలకు రెండూ ఒకటే."

తోకమ్మ బిడ్డను తడిమి చూసుకుంది. "అరుస్తాను. నువ్వు గిట్ట కొట్టు" అంది.

కాపలా సడలిన సంగతి కుక్కలు పసిగట్టాయి. మిట్టమధ్యాహ్నం పొదల చాటున వచ్చాయి. తోకమ్మ గొంతు చించుకుని అరిచింది. చుక్కాలు గిట్టతో నేలను దబదబా కొట్టి, పిల్లతో గుట్ట మీదికి దూకింది. తల్లి దుప్పులన్నీ దాని వెంట పడ్డాయి.

"ఆగండి! అది కోతి కేక!" అని ఎత్తుకొమ్మయ్య కొమ్ములెత్తి నిలబడింది. కుక్కలు దాన్ని చుట్టుముట్టాయి.

మసిమొగం తాత నేల మీద ఇప్పపూలు ఏరుకుంటోంది. గిట్ట చప్పుడు దానికీ వినబడింది. "దుప్పి గిట్టకు నేను చెట్టెక్కాలా?" అని ఇంకో పువ్వు నోట్లో వేసుకుంది. అదే దాని చివరి పువ్వు.

కడుపు నిండిన కుక్కలు ఏరు దాటలేదు. మళ్లీ మడుగు పక్కనే పడుకున్నాయి. ఆకలితో పోబోయిన శత్రువును అన్నం పెట్టి నిలిపినది ఆ ఇద్దరు పెద్దలే. ఆ వేసవిలో మరికొందరు తల్లులు పిల్లల్ని పోగొట్టుకున్నారు. ఆ తల్లులకు ఎవరు జవాబు చెప్పాలి?

చుక్కాలు, తోకమ్మ పాత కట్టుబాటును మళ్లీ నిలబెట్టాయి. ఈసారి కేక ఎవరిదని ఒక్కరూ అడగలేదు. కుక్కలు మళ్లీ ఎండిపోయాయి. వానలకు ఏరు పొంగే లోపే అవతలికి ఈదుకుంటూ పోయాయి.

మరునాడు మడుగు ఒడ్డున సభ జరిగింది. "ఒకే మంద!" అని దుప్పులు, "ఎవరి చెట్టు వాళ్లది!" అని కొండముచ్చులు వాదులాడుకున్నాయి.

"ఇప్పుడు అరవండి, తప్పు లేదు" అంది చుక్కాలు. పిల్లను పక్కన నిలుపుకుని, రెండు చెవులూ వాల్చి, కడుపునిండా నీళ్లు తాగింది.

నీతి: ఇల్లు విడిపించుకోకముందే గదుల కోసం కొట్టుకునేవారు ఆ ఇంటిని శత్రువుకే వదులుకుంటారు.