ఓబుళమ్మ కమ్మల గుర్తు

తిప్పయ్యశెట్టికి వేదాంతం వంటబట్టింది. ఆయన కుదువ అంగడికి వచ్చిన ఆపదంతా దానివల్లనే.

ప్రొద్దుటూరులో బంగారు అంగళ్ళ సందులో ఆయనది లైసెన్సు ఉన్న అంగడి. కుదువ రిజిస్టరులో పేరుకు, ఊరికి, తూకానికి, ఇచ్చిన సొమ్ముకు, వస్తువు గుర్తులకు వేరువేరు గళ్ళుంటాయి. తెచ్చిన మనిషి ఎదురుగా ఉండగానే, వస్తువు చేతిలో ఉండగానే అవి రాయాలని నియమం. శెట్టి మిగతా గళ్ళన్నీ ఒద్దికగానే నింపేవాడు. గుర్తుల గడి దగ్గరికి వచ్చేసరికి మాత్రం చిన్నగా నవ్వుకుని "బంగారు కమ్మలు, జత" అని రాసి ఊరుకునేవాడు. అది కూడా అంగడి కట్టేసే ముందు, జ్ఞాపకం మీద.

ఆయన గురువు చౌడప్పస్వామి పెన్న ఒడ్డున మగ్గం నేసుకుంటూ, అడిగినవారికి నాలుగు మంచిమాటలు చెప్పే మనిషి. "గాజన్నా గొలుసన్నా పేర్లే నాయనా. ఉండేది బంగారమొక్కటే" అని ఒకసారి అన్నాడు. మిగతా శిష్యులు తలలూపి ఇళ్ళకు పోయారు. పొద్దస్తమానం బంగారం మధ్యన కూర్చునే శెట్టి మాత్రం ఆ మాట తనకోసమే పుట్టిందనుకున్నాడు. ఇక గుర్తులు రాయడం అజ్ఞానుల పని అని తేల్చేసుకున్నాడు.

తనిఖీకి వచ్చిన అధికారికి ఈ జ్ఞానం లేదు. ఇనప్పెట్టెలో చీటీలు ఊడిపోయిన రెండు మూటలు తీసి విప్పాడు. రెండింటిలోనూ పువ్వు కమ్మలే. పైచూపుకు ఒకే అచ్చు, ఒకే తూకం.

"ఏవి ఎవరివి?" అన్నాడు.

శెట్టి రిజిస్టరు తిప్పి చూశాడు. రెండు పేర్ల ఎదురుగా ఒకటే మాట. అధికారి అరవలేదు. "ఏ గుర్తు చూసి ఎవరి సొమ్ము వాళ్ళకిస్తావో సోమవారం లోపల రాసి చూపించు. లేకపోతే లైసెన్సు తెచ్చి నా బల్ల మీద పెట్టు" అని వెళ్ళిపోయాడు.

ఆ రెండు జతల్లో ఒకటి ఓబుళమ్మది. పేటలన్నీ తిరిగి పెరుగమ్ముకునే ముసలామె. కళ్ళకు పొర కమ్మి చూపు ఆనదు. అప్పు తీర్చి కమ్మలు విడిపించుకుందామని ఆ మర్నాడే వచ్చింది. శెట్టి చేతికందిన జత ఆమె ముందు పెట్టాడు. ఆమె వేళ్ళతో తడిమి వెనక్కి నెట్టింది.

"ఇవి నావి గావు శెట్టీ."

రెండో జత ఇచ్చాడు. తడిమి గుప్పిట మూసుకుంది. "ఇవే నావి. మా ఆయన బావులు తవ్విన కూలితో చేయించినాడు."

శెట్టికి నమ్మకం కుదరలేదు. కళ్ళు కనిపించని మనిషి, ఏదో ఒకటి తనదనుకుని పట్టుకుందేమో. మెల్లగా గుప్పిట విప్పించి తీసుకున్నాడు. "రెండూ ఒక్క తూకమే గదా ఓబుళమ్మా. యావైతే ఏం?"

"యావైతే ఏమా?" అంది ఆమె. చెంగుతో ముఖం తుడుచుకుంటూ మెట్లు దిగింది.

ఆ రాత్రి శెట్టికి అన్నం సయించలేదు. తెల్లారి గురువు దగ్గరికి పోయి అంతా చెప్పాడు. చౌడప్పస్వామి ఆడుతున్న మగ్గం ఆపి, తువ్వాలు భుజాన వేసుకుని, "పద నాయనా" అన్నాడు.

అంగట్లో ఆయన గద్దె మీద కూర్చోలేదు. గడప పక్కన చాప మీద కూర్చుని, భూతద్దం తీసి శిష్యుడి చేతికిచ్చాడు.

"సూడు."

"చూసినాను స్వామీ."

"తూకం సూసినావు. ఇప్పుడు కమ్మలు సూడు."

శెట్టి చూశాడు. ముప్పై ఏళ్ళుగా కమ్మలు కుదువ పట్టే మనిషి కమ్మను చూడటం అదే మొదలు. ఒక జతలో రెండు పువ్వుల రేకులూ సమానంగా ఉన్నాయి. రెండో జత దగ్గర చెయ్యి ఆగింది. ఒక కమ్మకు రేకులు నిలిచి ఉన్నాయి. దాని తోడుదానికి రేకులే లేవు. పువ్వు మొత్తం అరిగి గులకరాయిలా నున్నబడి ఉంది. ఒకేనాడు చేయించిన జతలో ఒకటే ఎందుకు అరుగుతుంది? ఎంత తన్నుకున్నా అంతుబట్టలేదు.

అంతలో ఓబుళమ్మ మళ్ళీ వచ్చింది. నెత్తిమీద కుండ దించి మెట్టు మీద పెట్టి, నిన్నటి మాటే అడగబోయింది. స్వామి ఆమెను కూర్చోమనలేదు.

"అమ్మా, ఆ కుండ ఒక్కతూరి ఎత్తుకో. నాలుగడుగులు నడువు."

ముసలామెకు ఏమీ అర్థం కాలేదు. అయినా పెద్దాయన అడిగాడని చుట్టకుదురు సర్దుకుని కుండ ఎత్తుకుంది. కుడిచెయ్యి పైకి లేచి కుండ అంచు పట్టుకుంది. వీధిలోకి నడిచింది. అడుగు వేసినప్పుడల్లా ఆ చెయ్యి ఆమె బోసి చెవికి రాసుకుంటోంది.

శెట్టి భూతద్దం దించాడు. గర్భగుడి తలుపులు ఒక్కసారిగా తెరిచినట్టయింది ఆయనకు. ఎన్ని ఎండలు, ఎన్ని పేటలు, ఎన్ని గడపల ముందు పెరుగని పిలిచిన పిలుపులు పట్టాయో ఆ రేకులు అరగడానికి! అదంతా తన ఇనప్పెట్టెలో గుడ్డమూటలో పడుందని ఆయనకు భయం వేసింది. భయం కూడా కాదు, ఇంకా పెద్దదేదో. గద్దె దిగి, రెండు చేతులతో ఆ కమ్మలు తీసుకుపోయి ఆమె అరచేతిలో పెట్టాడు.

"స్వామీ, బంగారమొక్కటేనని మీరే గదా చెప్పినారు?" అన్నాడు స్వామి వైపు తిరిగి.

"చెప్తి. నీ మెడలో గొలుసు సూసినప్పుడు అనుకో నాయనా. ఆమె సొమ్ము సూసినప్పుడు గాదు."

శెట్టి మళ్ళీ గద్దె ఎక్కాడు. ఓబుళమ్మను ఎదురుగా కూర్చోబెట్టుకుని రిజిస్టరు తెరిచాడు. గుర్తుల గడిలో నిదానంగా రాశాడు. చదివి వినిపించి, అప్పు సొమ్ము తీసుకుని, వేలిముద్ర వేయించుకున్నాడు. ఆమె కమ్మలు పెట్టుకుని, కుండ ఎత్తుకుని వెళ్ళిపోయింది.

తర్వాత ఆయన మిగిలిన జత చేతిలోకి తీసుకున్నాడు. అది ఎవరో పక్క ఊరి ఆమెది. ముఖం కూడా గుర్తులేదు. భూతద్దం కింద ఒక కమ్మ కాడను ఎవరో మళ్ళీ అతికించిన మచ్చ కనబడింది. రెండో కమ్మ రేకుల సందున పసుపు కనబడింది. దాని అంచున చిన్న పంటి నొక్కు కూడా ఉంది, చంకన కూర్చున్న బిడ్డ ఎవరో కొరికినట్టు. రాస్తున్నకొద్దీ ఇంకా ఏదో కనబడుతూనే ఉంది. గడి నిండి అక్షరాలు అంచులోకి పాకాయి.

చౌడప్పస్వామి అప్పటికే మెట్లు దిగి చెప్పులు వేసుకుంటున్నాడు.

"స్వామీ! ఇట్లా ఎంతవరకు రాయాల?" అని కేకేశాడు శెట్టి.

ఆయన వెనక్కి తిరిగి చూశాడు.

"ఆ కమ్మలకు మొక్కాలనిపించేదాకా."