శశిభూషణ్ తామరపువ్వు

ఆశ్రమానికి ఇంటర్నెట్‌లో ఒక చర్చావేదిక ఉంది. భక్తులు స్వామికి ఆంతరంగికంగా ఉత్తరాలు రాసేదీ అందులోనే. దాన్ని నడిపేది శశిభూషణ్ అనే శిష్యుడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వదిలి కాషాయం కట్టాడు గానీ, కంప్యూటర్ ముందు కూర్చుంటే పాత దర్పం తిరిగొస్తుంది.

ఉత్సవం దగ్గర పడిన రోజుల్లో ఒక ఉదయం అతను చిరాగ్గా స్వామి దగ్గరికి వచ్చాడు. వేదిక సాఫ్ట్‌వేర్ తయారుచేసినవాళ్లు హెచ్చరిక పంపారు.

"పెద్ద లోపమట స్వామీ. లోపలికి వచ్చేటప్పుడు పాస్‌వర్డ్ అడుగుతుంది. వచ్చాక ఎవరి ఉత్తరం ఎవరు తెరుస్తున్నారో చూడదు. పైన అడ్రసులో ఒక అంకె మారిస్తే చాలు, ఎవరైనా ఎవరి ఉత్తరమైనా చదవొచ్చు."

"నాకు రాసేవి కూడానా?"

"అవే స్వామీ."

స్వామికి చూపు ఆనదు. ఆ ఉత్తరాలు శశిభూషణే చదివి వినిపిస్తాడు. ముందురోజు హైమవతి అనే ఆవిడ రాసింది. వేరే ఊళ్లో ఉద్యోగం వచ్చిందట, చేరబోతోందట. ఇంట్లో తనే చెబుతుందట, అందాకా ఈ మాట స్వామి దగ్గరే ఉండాలట. ఆమె అత్తగారు వెంకటరత్నమ్మ కూడా వేదికలో సభ్యురాలే. తెల్లారితే అందరికంటే ముందు లాగిన్ అయ్యేది ఆవిడే.

"మరి సరిచేయి" అన్నారు స్వామి.

"కొత్త వెర్షన్ ఎక్కించాలి. ఎక్కిస్తే నా తామరపువ్వు పోతుంది."

"ఏ తామరపువ్వు?"

"పేజీ తెరవగానే గిర్రున తిరుగుతుందే, అది. అసలు సాఫ్ట్‌వేర్‌లోనే చెయ్యి పెట్టి కలిపాను. ఉత్సవానికి అందరూ చూస్తారు. అయ్యాక ఎక్కిస్తాను."

"ఈలోగా?"

"అందరూ మనవాళ్లే కదా స్వామీ. ఒకరి ఉత్తరం ఒకరు చదువుతారా?"

శశిభూషణ్ భజనకు వెళ్లాక, ఉత్సవానికని వచ్చి అప్పుడే ఆటో దిగిన వెంకటరత్నమ్మను స్వామి పిలిచారు. "మీ గది కడుగుతున్నారమ్మా. అందాకా శశిభూషణ్ గదిలో కూర్చోండి."

భజన ముగించుకుని వచ్చేసరికి శశిభూషణ్ మంచం మీద ఆవిడ ఉంది. పక్కన అతని ట్రంకుపెట్టె తెరిచి ఉంది. ఒళ్లో ఆవకాయ సీసా.

"నాయనా, నువ్వు ఉప్పు మానేసి దీక్షలో ఉన్నావని చెప్పారు. మరి ఇదెవరిది?"

"పెట్టె ఎందుకు తీశారమ్మా?"

"తాళం లేదుగా."

"లేకపోతే మాత్రం!"

"గేటు దగ్గర నా ఆధార్ కార్డు చూసి మరీ పంపారయ్యా. నేనేమన్నా దొంగనా?" ఆవిడ కళ్లజోడు సర్దుకుని ఒక ఫొటో ఎత్తి చూపింది. "ఈ పిల్ల మీ చెల్లెలా?"

"కాదు."

"అనుకున్నాను. ఉత్తరాల్లో చెల్లెలి మాటల్లా లేవు. రెండోది సగంలో ఉన్నాను."

శశిభూషణ్ ఆవిడ చేతిలోని కాగితాన్నీ, ఆ కళ్లజోడునూ కాసేపు చూశాడు. హైమవతి ఉత్తరం గుర్తొచ్చింది. చెప్పులు కూడా వేసుకోకుండా కంప్యూటర్ గదివైపు పరుగెత్తాడు.

వసారాలో స్వామి చిక్కుడుకాయలు ఒలుస్తున్నారు. అడుగుల చప్పుడు విని తలెత్తారు.

"ఆవిణ్ని ఇవతలికి రమ్మననా?"

"తర్వాత స్వామీ. ముందు కొత్త వెర్షన్ ఎక్కిస్తాను."

"ఈలోగా మొత్తం చదివేస్తుందేమో!"

"చదవనివ్వండి" అన్నాడు శశిభూషణ్, ఆగకుండానే. "అవి నా ఒక్కడివే."