కత్తిరించిన ఘాట్ రోడ్డు

ఎడిటింగ్ నేర్పే విశ్వపతి మాస్టారిని ప్రశ్న అడగాలంటే మాకు కాస్త బెరుకే. కోప్పడతారని కాదు. అవుననీ కాదనీ చెప్పరు, ఎక్కడిదో ఓ ముచ్చట మొదలుపెడతారు, అది అయ్యేసరికి మన చేతిలో టీ చల్లారిపోతుంది. ఆ సంగతి తెలిసి కూడా హైమవతి ఓ ఉదయం అడిగేసింది. విశాఖలో మా ఫిల్మ్ క్లబ్ బాధ్యత ఆమెదే. నిదానంగా నడిచే సినిమాలంటే ప్రాణం పెడుతుంది.

"మాస్టారూ, జపాన్‌ది వేసినా ఇరాన్‌ది వేసినా జనం సగంలో లేచిపోతున్నారు. ఓ గంట కత్తిరించి వేస్తే తప్పా? కథకేమీ నష్టం లేదు."

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఇంక అయిపోయాం అనుకున్నాను.

"నేనూ ఒకసారి ఆ పని చేశానమ్మా," అన్నారు.

కొన్నేళ్ళ క్రితం వాళ్ళ బావగారికి డయాలసిస్ జరిగేది. వారానికి మూడుసార్లు, వెళ్ళినప్పుడల్లా నాలుగు గంటలు. తోడుగా మాస్టారు వెళ్ళేవారు. పక్క మంచం సన్యాసినాయుడు గారిది. ముప్ఫయ్యేళ్ళు లారీ తోలిన మనిషి, ఒక్కచోట పడి ఉండటం ఆయన ఒంటికి పడదు. మూడు గంటలు కాగానే సూదులు తీసెయ్యమని గొడవ. డాక్టరు చెప్పి చూశాడు, భార్య ఏడ్చి చూసింది. వింటేగా! ఒంట్లో నీరు పూర్తిగా దిగక, ఇంటికెళ్ళి పడుకుంటే ఊపిరాడేది కాదు. రాత్రుళ్ళు గోడకి చేరబడి కూర్చునే తెల్లవార్చేవారు. ఇలాగే సాగితే గుండె తట్టుకోదని డాక్టరు ఆవిడకి చెప్పేశాడు. ఆవిడ మొహం చూడాలంటేనే మాస్టారికి బాధగా ఉండేది.

ఆ గదిలో టీవీ ఒకటుంది. ఎప్పుడు చూసినా అందులో కొట్లాటలు, లేదంటే వార్తల వాళ్ళ అరుపులు. మాస్టారు నర్సునడిగి తన పెన్‌డ్రైవ్ పెట్టించారు. మొదట ఒక జపాన్ అవ్వ పళ్ళకి తొక్క తీసి చూరుకి వేలాడదీసే సినిమా, తర్వాత ఏదో మంచు దేశంలో గొర్రెలు కాసుకునే మనిషిది. ఇదేం సినిమా అని ఐదు మంచాల వాళ్ళూ అన్నారు గానీ, మార్చెయ్యమని మాత్రం ఒక్కరూ అనలేదు. బావగారైతే అవ్వ సినిమా రెండోసారి అడిగి మరీ వేయించుకున్నారు. నాయుడు గారు మాత్రం మూడు గంటలు కాగానే లేచిపోతూనే ఉన్నారు.

అప్పుడు మాస్టారికి ఇంకో సినిమా గుర్తొచ్చింది. జపాన్‌లో కొండ ఊళ్ళకి బస్సు నడిపే డ్రైవరు, అతని ఒక్క రోజు. ఘాట్ ఎక్కుతాడు, దిగుతాడు. మూడు ముప్పావు గంటలు ఇదే వరస. పాపం రోగులు ఇంతసేపు భరించలేరని మాస్టారు దయతలిచి దాన్ని రెండు గంటలకి కుదించారు. అతుకు ఎక్కడా తెలియకుండా చేశానని మురిసిపోయారు కూడా.

సినిమా నడుస్తుండగా నాయుడు గారు ఒకచోట మొహం చిట్లించారు.

"ఏటి మాస్టారూ, ఇందాక కిందన రెండో గేర్లో ఉన్న బస్సు అప్పుడే కొండమీదకెలాగొచ్చేసింది? మధ్యన రోడ్డు ఏటయిపోయింది?"

"ఆ రోడ్డు మీద ఏమీ లేదు నాయుడు గారూ, ఉత్త మలుపులే."

"మలుపులుంటే ఏటీ లేదంటారేటండి? డ్రైవరుకి పనంతా అక్కడే కదా."

మాస్టారికి సిగ్గేసింది. తర్వాత వెళ్ళినప్పుడు ముక్క తీయకుండా మొత్తం సినిమా వేశారు. నాయుడు గారి కుడికాలు దుప్పటి కింద కదులుతూనే ఉంది. మలుపు వచ్చినప్పుడల్లా ఇక్కడ హారన్ కొట్టాలి అని గొణుక్కోవడం, తెరమీద డ్రైవరు కొడితే తృప్తిగా తలూపడం. మూడు గంటలయింది. ప్రతిసారీ ఆ గొడవకి అలవాటు పడ్డ నర్సు, ఆయన అరవకముందే వచ్చి మంచం పక్కన నిలబడింది. నాయుడు గారు ఆమెకేసి తల కూడా తిప్పలేదు.

"కాసేపు ఆగమ్మా. బస్సింకా ఘాట్ దిగనేదు."

గుమ్మంలో ఉన్న ఆయన భార్య గడియారం చూసింది, మాస్టారిని చూసింది. పలకరిస్తే ఎక్కడ లేచిపోతారో అని చప్పుడు చెయ్యకుండా వెనక్కి తగ్గింది. సినిమా అయ్యాక మిగిలిన పావుగంటా ఆ డ్రైవరు గేర్లు మార్చే తీరు గురించి చెబుతూ నాయుడు గారు గడిపేశారు.

మాస్టారు అక్కడితో ఆపేశారు. హైమవతి ఊరుకోలేదు.

"ఇంతకీ ఆ సినిమా చివర్లో ఏమవుతుంది మాస్టారూ?"

"బస్సు షెడ్డుకి చేరుతుంది. డ్రైవరు చేతులు కడుక్కుంటాడు."

"అంతేనా?"

"అంతే," అన్నారు మాస్టారు. "ఆ రాత్రి నాయుడు గారు పడుకుని నిద్రపోయారు."